ఎర్ర చేలో తెల్ల గీత

నల్లబండపల్లి,
పెనుకొండ మండలం.
12 ఆగస్టు 2025

నా బంగారు పవిత్రకు,

నీ నాయన పోతులయ్య కాళ్లు నేల మీద ఆనకుండా కూర్చుని రాస్తున్న ఉత్తరం. నీ ఉద్యోగం పర్మనెంటు అయిందన్న మాట అందిన గంటలోనే హిందూపురం బస్సెక్కి రెండు కేజీల మైసూర్‌పాకు తెచ్చాను. అది సగం ఊరికే సరిపోయింది. మిగతా సగానికి బొరుగులు, బెల్లం పంచాను. మీ అమ్మ, "ఉద్యోగమొచ్చింది పిల్లకా, నీకా? పెండ్లికొడుకు మాదిరి తిరుగుతాండావే!" అంది. అననీలే. ఆకాశం నుంచి తీసిన ఫోటోలన్నీ దాచిపెట్టే ఆఫీసులో నా కూతురు! నాది ఎనిమిదో తరగతి, అది కూడా తప్పింది.

ఫోన్ చెయ్యలేదని అనుకోవద్దు. ఫోన్లో నీ మాట నాకు వినపడదు, నా మాట మాత్రం ఊరంతటికీ వినపడుతుంది. అందుకే ఉత్తరం.

నువ్వు రాసిన సంగతులు మూడుసార్లు చదివాను. పారిస్ పట్నంలో ఒకాయన బెలూన్ ఎక్కి ఫోటో తియ్యబోతే గ్యాసు తగిలి ఫోటో గాజు పలకలన్నీ నల్లబడిపోయాయని, అయినా వదలకుండా మళ్లీ ఎక్కి తీశాడని. జర్మనీలో మందుల షాపు ఆయన పావురాల రొమ్ముకు బుల్లి కెమెరాలు కట్టి వదిలాడని. రమేష్ టీ అంగడిలో చెబితే ఒక్కడు నమ్మలేదు. "పావురం రెట్టేస్తాది గానీ ఫోటో యాడ తీస్తాదప్పా!" అన్నారు. కానీ నా గుండె పొంగింది నీ ఆఖరి మాటకు. 1975 ప్రాంతంలో మన అనంతపురం జిల్లా మీదనే విమానం తిప్పి పంటల ఫోటోలు తీశారా! ఆ ఫిల్ములు ఇప్పుడు నీ బల్ల మీదికి వస్తున్నాయా! తల్లీ, ఆ విమానాన్ని నేను చూశాను. పంతొమ్మిదేళ్ల వాణ్ణి. వేరుశనగ చేలో కలుపు తీస్తూ తలెత్తితే అటూ ఇటూ గీత గీసినట్టు తిరుగుతోంది. మా నాయన భయపడి ఎద్దులను చెట్టు కిందికి తోలాడు.

ఇక ఊరి సంగతి. రాయాలంటేనే రోత. రీసర్వేకు డ్రోను వస్తుంది, గట్లకూ హద్దురాళ్లకూ సున్నం కొట్టండి, పైనుంచి కనపడాలి అని దండోరా వేశారు. అంతే, ప్రతివాడి చేతిలో సున్నం డబ్బా. గట్టు ఒక చోట, సున్నం రెండడుగులు అవతల. అన్నదమ్ములే ఒకరి సున్నం ఒకరు కడుగుతున్నారు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న వాళ్లు.

అందరికంటే నీచం మన పక్క చేను గంగాధర. మన చేనికీ వాడి చేనికీ మధ్య, వాడి వైపున, బండిబాట ఉంది కదా? లక్ష్మక్క చేనికి అదొక్కటే దారి. మొన్న వేసవిలో వాడు దాన్ని దున్నేశాడు, ఇప్పుడు సున్నం కూడా కొట్టేశాడు. మొగుడు పోయి ఆరేళ్లయిన ఆడమనిషి, టమోటా బాక్సులు నెత్తిన పెట్టుకుని మన గట్టు మీద అరమైలు నడుస్తోంది. మడమలు పగిలి నెత్తురు కారుతోంది. అడిగితే వాడు, "నా నేల నేను దున్నుకున్నా, నీకేమప్పా నొప్పి?" అంటాడు. వాడుక బాట కాబట్టి పాత సర్వే పటంలో లేదట. సర్వేయరమ్మ కాగితం చూపించమంటోంది.

కాగితం ఎందుకు, ఆకాశమే చూసింది కదా! "నా కూతురు ఫోటో తీసిస్తాది, నీ బాట నీకొస్తాది" అని లక్ష్మక్కకు మాట ఇచ్చేశాను. త్వరగా చూడు తల్లీ. డిసెంబరులో విచారణ.

ఆనందం పట్టలేని
నీ నాయన

*

హైదరాబాద్,
24 ఆగస్టు 2025

నాయనా,

నీ మైసూర్‌పాకు కథ చదివి మా సెక్షన్లో అందరికీ చెప్పాను. నాకు మిగల్చలేదని కూడా చెప్పాను.

నువ్వు అనుకునేంత గొప్ప పని కాదిది. పాత ఫిల్ము చుట్టలను విప్పి, తుడిచి, కంప్యూటర్‌లోకి ఎక్కించడం. కొన్ని డబ్బాల మూత తీస్తే పులిసిపోయిన వాసన ముక్కు పగలగొడుతుంది. ఫిల్ము ముసలిదైతే అలాగే కుళ్లుతుందట. మొదటి వారం అన్నం తినలేకపోయాను.

ఆ 1975 ఫోటోలు మామూలు రంగుల్లో ఉండవు. మన కంటికి కనపడని వెలుగును పట్టే ఫిల్ముతో తీశారు. పచ్చగా ఏపుగా ఉన్న పైరు అందులో ఎర్రగా వస్తుంది, తెగులు తగిలితే ఎరుపు తగ్గుతుంది. మన దేశంలో మొదట కేరళ కొబ్బరితోటల మీద హెలికాప్టర్‌తో ఇలా చూశారు. తర్వాత వంతు మనదీ, పంజాబులో ఇంకో జిల్లాదీ. బాట, బండ, బీడు తెల్లగానో నీలంగానో కనపడతాయి.

ఫోటో నేను తీసుకుని పంపడం కుదరదు, ఉద్యోగం పోతుంది. లక్ష్మత్తే సర్వే నంబరు రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. ప్రింటు ఆమె పేరు మీదే వస్తుంది.

ఒక మాట అడుగుతాను. ఆ బాట మొదటి నుంచీ గంగాధర మామ వైపే ఉండేదా?

పవిత్ర

*

నల్లబండపల్లి,
5 సెప్టెంబరు 2025

ఆకాశాన్ని బల్ల మీద పరిచిన నా తల్లికి,

పైరు ఎర్రగా కనపడుతుందా! ఈ మాట విన్నప్పటి నుంచీ మన మల్బరీ తోట వైపు చూస్తే నాకు ఎర్రగానే కనపడుతోంది. ఇంత తెలివి మనుషులకు ఎట్లా వచ్చింది తల్లీ! మన శనగచెట్టుకు తెగులు వస్తే చేలో నిలబడ్డ నాకు తెలియలేదు, ఆకాశంలో పోయేవాడికి తెలిసింది.

ఆ పులిసిన వాసనకు నిమ్మకాయ దగ్గర పెట్టుకో. మన పట్టుపురుగుల షెడ్డులో రోగం తగిలిన పంట వాసన గుర్తుందా? పురుగులు పగిలి పాలు కారి, నువ్వు ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏరేదానివి. ఆ వాసన ఓర్చినదానివి, ఇదొక లెక్కా. ఆ షెడ్డే నిన్ను ఇంజనీరింగు చదివించింది.

బాట సంగతి అడిగావు. నేనెరిగి యాభై ఏళ్లుగా గంగాధర వైపే ఉంది. ఊర్లో ఎవరినైనా అడుగు.

నిన్న టీ అంగడిలో జరిగింది విను. గంగాధర వచ్చి నా ఎదురుగానే కూర్చున్నాడు. సిగ్గూ శరం లేని జన్మ.

"ఏమప్పా పోతులయ్యా, నీ కూతురు ఆకాశంలో యాపారం పెట్టిందంట?"

"యాపారం కాదు, సాక్ష్యం. నీ దొంగతనం బయటపడేది ఉండాది, తాగు తాగు, టీ తాగు."

వాడు గ్లాసు కింద పెట్టాడు. "తెప్పించు. నేనూ దానికే ఎదురుచూస్తాండా. ఫోటో అబద్ధం చెప్పదంట గదా?"

ఎంత పొగరో చూడు! దొంగకు అంత ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? నేను నేల మీద ఉమ్మి లేచి వచ్చేశాను. ఈ ఊళ్లో మనుషుల మొహాలు చూడబుద్ధి కావడం లేదు, నీ ఉత్తరాలు లేకపోతే.

లక్ష్మక్క దరఖాస్తు నా చేత్తోనే రాశాను. సోమవారం పెనుకొండ తీసుకుపోయి పంపిస్తాను.

నీ గురించే ఊరంతా గొప్పలు చెప్పుకునే
నాయన

*

హైదరాబాద్,
19 సెప్టెంబరు 2025

నాయనా,

మన ఊరి ఫిల్ము చుట్ట నిన్న నా బల్ల మీదికి వచ్చింది. చూశాను.

ఆ దరఖాస్తు ఇంకా పంపకపోతే ఆగు. పంపేముందు నువ్వొక్కడివే మన చేనికి పోయి, షెడ్డు దగ్గర నిలబడి, బాగా గుర్తు చేసుకో. ఫోటో వల్ల నువ్వనుకున్న మేలు జరగదు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

అమ్మ మోకాలు ఎలా ఉంది?

పవిత్ర

*

నల్లబండపల్లి,
27 సెప్టెంబరు 2025

పవిత్రకు,

నీ ఉత్తరం చదివి మొదటిసారి నాకు సంతోషం కలగలేదు. దరఖాస్తు నువ్వు రాయకముందే పోయింది.

నాకు అర్థమైందిలే. గంగాధర తమ్ముడు ధర్మవరంలో పట్టుచీరల అంగడి పెట్టి నాలుగు దుడ్లు చూసినప్పటి నుంచి పెద్దవాళ్లతో తిరుగుతున్నాడు. నీ ఆఫీసుదాకా ఎవరితోనో చెప్పించి ఉంటాడు. నిన్ను బెదిరించారు. కొత్త ఉద్యోగం, భయపడ్డావు. భయపడితే భయపడ్డానని రాయి, తప్పు లేదు. కానీ ఒక ఆడమనిషి దారి మూసేసినవాడి వైపు నా కూతురు నిలబడితే నాకు తిన్నది ఇమడదు. యుద్ధాల్లో విమానాలెక్కి శత్రువులు దాక్కున్న గుంతలు ఫోటో తీసి బాంబులు వేయించారని మొదటి ఉత్తరంలో రాశావే, ఆ రోజే అనుకున్నాను. మనిషి అంత ఎత్తుకు పోయి కూడా చూసేది ఎదుటివాణ్ణి ఎట్లా ముంచాలా అనే. రోత పుడుతుంది.

షెడ్డు దగ్గర నిలబడి ఏం గుర్తు చేసుకోవాలి? షెడ్డులో పురుగులు గూడు కట్టడానికి తయారుగా ఉన్నాయి, వెదురు చంద్రికల మీదికి ఎక్కించాలి, నిలబడే తీరిక లేదు.

లక్ష్మక్క రోజూ అడుగుతోంది, "అన్నా, ఫోటో వచ్చిందా?" అని. ఆమెకు నేనే దేవుణ్ణయ్యాను. ఆ మాట వింటే మాత్రం కడుపు నిండుతుంది.

అమ్మ మోకాలు అట్లాగే ఉంది.

నాయన

*

హైదరాబాద్,
16 అక్టోబరు 2025

నాయనా,

నన్నెవరూ బెదిరించలేదు. సూటిగా రాస్తున్నాను, అమ్మ చేత చదివించుకోకుండా నువ్వే చదువు.

ఆ ఫోటోలో చేలన్నీ ఎర్రగా ఉన్నాయి. వాటి మధ్య తెల్లటి గీత. నల్లబండ దగ్గర మొదలై, పాతబావి పక్కగా లక్ష్మత్త చేనిదాకా పోతుంది. అదే బండిబాట. అది గంగాధర మామ చేలో లేదు. మన చేలో ఉంది. కొలిచాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఆ గీత పోయేది సరిగ్గా మన షెడ్డు పడమటి సగం మీదుగా. గంగాధర మామ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఎర్రగా ఉంది, మధ్యలో ఏ బాటా లేదు.

అంటే 1975 తర్వాత ఎవరో బాటను అవతలికి నెట్టారు. నెట్టి ఎవరు బాగుపడ్డారో మనకు తెలుసు.

గంగాధర మామను నువ్వు తిట్టిన తిట్లన్నీ నా దగ్గర ఉత్తరాల్లో ఉన్నాయి. మళ్లీ చదివాను. ఆ ఫిల్ముల వాసన కంటే ఇది ఎక్కువ వికారం పుట్టించింది. నేను చదువుకున్నది కూడా ఆ షెడ్డు వల్లే.

ప్రింటు నిన్న లక్ష్మత్త పేరు మీద పోస్టులో పోయింది. నేను ఆమెకు ఏమీ చెప్పను. అడిగితే అబద్ధమూ చెప్పను.

పవిత్ర

*

నల్లబండపల్లి,
2 నవంబరు 2025

పవిత్రా,

కవరు వచ్చింది. వచ్చిన కవరును లక్ష్మక్క చింపకుండా కొంగులో పెట్టుకుని నా దగ్గరికే తెచ్చింది. "నాకేం తెలుస్తాదన్నా, నువ్వే సూసి చెప్పు" అని నా చేతిలో పెట్టి, మీ అమ్మకు టమోటాలిచ్చి, మన గట్టు మీద నడుచుకుంటూ వెళ్లిపోయింది. నాలుగు రోజులుగా అది నా పెట్టెలో ఉంది. మొదటి రోజే తెరిచాను.

ఎంత బాగుంది తల్లీ ఆ ఫోటో! సిగ్గు లేకుండా రాస్తున్నాను. కుంకుమ ఆరబోసినట్టుంది ఊరు. మా నాయన చేను, మా పాతబావి, నేను ఆ రోజు కలుపు తీస్తున్న మడి. కాసేపు అన్నీ మరిచి చూశాను. తర్వాత ఆ తెల్లగీత కనపడింది. ఫోటోను మళ్లీ కవర్లో పెట్టేశాను.

మరిచిపోయాను అని రాస్తే నువ్వు నమ్ముతావు. మరిచిపోలేదు.

విమానం వచ్చి పోయాక ఊళ్లో పుకారు లేచింది. వచ్చే ఏడు మళ్లీ వస్తుందట, ఫోటోలో ఎవరి పైరు ఎంతవరకు కనపడితే అంతవరకు వాళ్లకే పట్టా ఇస్తారట. ఎవరు చెప్పారో తెలియదు, అందరూ నమ్మారు. ఆ వేసవిలో ఊరు ఊరంతా దున్నింది. బాటలు దున్నారు, వంక గట్లు దున్నారు, సమాధుల దిబ్బల మీద కూడా నాగలి పెట్టారు. మా నాయనా నేనూ బండిబాటను దున్నాము. దాని పక్క రాళ్లను ఎత్తి అవతల గంగాధర వాళ్ల చేలో పేర్చాము. గంగాధర నాయన అప్పుడు ధర్మవరంలో కూలి మగ్గం నేస్తున్నాడు. రెండేళ్లకు తిరిగొచ్చి, చేలో బాట చూసి, మా నాయనను అడిగాడు. "మొదటి నుంచీ ఆడనే గదప్పా ఉండేది" అన్నాడు మా నాయన. ఆ మనిషి నా వైపు చూశాడు. నేను ఎద్దు మెడ దువ్వుతూ ఉండిపోయాను.

మరుసటి ఏడు ఒక విమానం ఊరి మీదుగా పోయింది. మన కొత్త చేను ఫోటో తీసుకుందని మురిసిపోయాము. ఏ ఊరికి పోయే విమానమో అది! నువ్వు ఫిల్ముల సంగతి రాసినప్పుడు అందులో ఉండేది ఆ రెండో విమానం తీసిన, దున్నిన తర్వాతి చేనే అనుకున్నాను. అందుకే అంత ధైర్యంగా ఊరేగాను. దొంగ సొమ్ముకు రసీదు దొరికిందని మైసూర్‌పాకు పంచినట్టయింది నా పని.

నిన్న పొయ్యి దగ్గర కూర్చుని కవరు చేతిలో పట్టుకున్నాను. మీ అమ్మకు అంతా చెప్పాను. ఆమె అరవలేదు. "కాల్చాలంటే కాల్చు. నేను మాత్రం ఆ షెడ్డులో ఇంక ఆకు వెయ్యను" అని గంప అవతల పెట్టి లేచిపోయింది.

షెడ్డు పోతే ఈ వయసులో నాకు వేరే పని రాదు. అది నీకు తెలియాలని రాశాను, జాలి పడమని కాదు.

నాయన

*

హైదరాబాద్,
10 నవంబరు 2025

నాయనా,

నువ్వు కాల్చినా ఫిల్ము ఇక్కడే ఉంటుంది. లక్ష్మత్త మళ్లీ దరఖాస్తు పెడితే మళ్లీ వస్తుంది. కానీ ఆమె పెట్టదు. నిన్ను నమ్మింది కాబట్టి.

ఇంతకంటే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నేనూ ఆ షెడ్డు తిండి తిన్నదాన్నే.

పవిత్ర

*

నల్లబండపల్లి,
21 డిసెంబరు 2025

నా తల్లి పవిత్రకు,

అయిపోయింది. వరుసగా చెబుతాను.

నీ ఉత్తరం అందిన మరుసటి రోజే కవరు లక్ష్మక్కకు ఇచ్చేశాను. విచారణ రోజు చెబుతాలే అన్నాను. ఈ నెల నాలుగో తేదీన గ్రామ సచివాలయంలో విచారణ. ఆమె ఆ కవరును సర్వేయరమ్మ బల్ల మీద పెట్టి, "మా అన్న చెప్తాడు" అని నన్ను చూపించింది. లేచి నిలబడ్డాను. ఊరికంతా వినపడే గొంతు కదా నాది, ఆ రోజు మాత్రం సర్వేయరమ్మ మూడుసార్లు "గట్టిగా చెప్పండి" అంది. మూడోసారి చెప్పాను. బాట మా చేలో ఉండేది, మా నాయనా నేనూ దున్నాము, రాళ్లు మేమే మోశాము, షెడ్డు నేనే కట్టాను.

ఎవరో వెనక నవ్వారు. లక్ష్మక్క నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"నేను నెత్తిన బాక్సు పెట్టుకుని నీ గట్టు మీద పోతాంటే, పాపం పాపం అంటివి గదన్నా. నీ షెడ్డు గోడ పట్టుకునే నేను దిగేదాన్ని. ఆ గోడ కిందనే నా దారి పెట్టుకుని, పాపం అంటివా?"



గంగాధర కోసం చూశాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. "మా నాయన సచ్చేదాకా ఇదే చెప్పినాడు. మేమూ సగమే నమ్మినాం" అన్నాడు. చెప్పు వేసుకుని బయటికి పోయి ఉమ్మాడు. టీ అంగడిలో నేను ఉమ్మిన మాదిరే.

ఆ తర్వాత వారం రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదు. రమేష్ టీ గ్లాసు నా ముందు పెట్టి మొహం తిప్పుకునేవాడు. అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు, గడ్డం కూడా గీసుకోలేదు. కానీ తల్లీ, విచిత్రం వినాలి. అన్నం మాత్రం తినగలిగాను. యాభై ఏళ్లలో నాకు ఆకలి ఇంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు.

ఉన్న గూళ్లు హిందూపురం మార్కెట్టుకు వేసి, షెడ్డు ఖాళీ చేశాను. పడమటి సగం నేనే పగలగొట్టాను. ఇద్దరు కూలీలు వస్తామన్నారు, వద్దన్నాను. గోడ కింద, ఆ రోజు మేము మోయకుండా వదిలేసిన పాత హద్దురాళ్లు రెండు దొరికాయి. వాటిని గంగాధర గట్టు మీద పెట్టి వచ్చాను. తీసుకున్నాడో లేదో చూడలేదు. మిగిలిన సగంలో పురుగులు పెట్టొచ్చో లేదో మీ అమ్మ చెప్పాలి, ఆమె ఇంకా చెప్పలేదు.

నిన్న ఉదయం లక్ష్మక్క ట్రాక్టరు మాట్లాడుకుని వచ్చింది. నిండా టమోటా బాక్సులు. కొత్తగా సాఫు చేసిన బాటలో ఆమె ముందు నడుస్తోంది, ట్రాక్టరు వెనక వస్తోంది. నేను పక్కన నిలబడ్డాను. నాకెంత సంతోషం వేసిందో! ఏదో ఒక మాట అంటుందని, పోనీలే అన్నా అంటుందని, గుడ్డ భుజాన సర్దుకుని ఎదురుచూశాను.

షెడ్డు మూల దగ్గర ట్రాక్టరు ఆపించింది. చక్రానికీ గోడకూ మధ్య చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇంకా ఒక అడుగు ఉండాది. అది కూడా తియ్యి" అంది.

ట్రాక్టరు వెళ్లిపోయాక టేపు తెచ్చి కొలిచాను. అడుగు మీద రెండు అంగుళాలు. సాయంత్రానికి తీసేశాను.

నీ నాయన
పోతులయ్య